అయిజ బస్సూ, ఆపరేటర్ చాచా కత్తెరా

చాచా చనిపోయిన కబురు నాకు ఒక సినిమా పోస్టరు కింద తెలిసింది. మా గద్వాల సినిమా పిచ్చివాళ్ళకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. పొద్దున ఏడు గంటలకు ఆటో నడిపే తమ్ముడు అందులో ఒక రీమేక్ విడుదల తేదీ పోస్టరు పెట్టాడు. కింద నలుగురు టపాకాయల బొమ్మలు పెట్టారు. పావుగంటకు అదే తమ్ముడు, ఆ టపాకాయల కిందనే, "ఆపరేటర్ చాచా పోయిండు. నిద్రలనే. పగటి నమాజు అయినంక మట్టి" అని రాశాడు. పై పోస్టరు చూసి ఈ మాట చూడనివాడెవడో దాని కింద ఇంకో టపాకాయ పెట్టాడు.

నేను వనపర్తిలో మా ఇంట్లో ఒక వ్యాసం అచ్చుతప్పులు దిద్దుతున్నాను. పది దాటాక కబురు చదివి, ఫోను బోర్లా పెట్టి, మిగిలిన రెండు పేజీలు కూడా దిద్దాను. ఒక కామా కూడా వదలలేదు. తర్వాత చొక్కా మార్చుకున్నాను. బస్టాండుకు నడిచాను. గద్వాల బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఇవన్నీ వేరెవరో చేస్తుంటే చూసినట్టు గుర్తున్నాయి. ఏడుపు రాలేదు. కోపం వస్తుందేమోనని చూశాను, నాకు అన్నిటికన్నా తొందరగా వచ్చేది అదే. అదీ రాలేదు.

చాచా ఎవరో పాఠకులకు చెప్పాలి. గద్వాలలో ఇప్పుడు ఫంక్షన్ హాలుగా మారిన ఒక పాత టాకీసులో ప్రొజెక్టర్ నడిపిన మనిషి. మీసాలు రాకముందు ఆ ప్రొజెక్టర్ గదిలోకి ఎక్కి, గడ్డం తెల్లబడ్డాక దిగాడు. ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ ఆపరేటర్ చాచానే. టాకీసు మూతపడ్డాక బస్టాండు దగ్గర మిక్సీలూ టేబుల్ ఫ్యాన్లూ బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. దుకాణమంటే నాలుగు రేకులు, ఒక బల్ల, గోడకు గొడుగులా వేలాడే వైర్లు. ముందు ఒక చెక్క బెంచి. ఆ బెంచి మీద రోజూ సాయంత్రం సినిమా కచేరీ నడిచేది.

బెంచి మీద ఒక చివర ఆటో తమ్ముడు. తన హీరో కోసం ప్రాణమైనా ఇస్తాడు, పెళ్ళాం ఫోను చేస్తే మాత్రం ఎత్తడు. పక్కన తోపుడు బండి మీద పండ్లమ్మే అక్క. ఈమెది అయిజ దగ్గర పల్లె, పదిహేనేళ్ళుగా గద్వాలలోనే బతుకుతోంది. వారానికి రెండుసార్లు వనపర్తి నుంచి వచ్చి కూర్చునేవాణ్ణి నేను.

"అక్కా, మావోని కొత్త టీజర్ చూసినవా?"

"చూసిన. ఆయన కాలెత్తితే లారీలు లేస్తున్నయి. కథేంది తమ్మీ?"

"కథెందుకక్కా, ఆయన నడిసొస్తే చాలు."

"నడిసొస్తే చాలంటే మా ఇంటాయన గూడ నడుస్తడు. టికెట్ పెట్టమంటవా?"

తల ఎత్తకుండా, మిక్సీ కింద బిళ్ళ విప్పుతూ చాచా అడిగేవాడు: "ఎన్ని రీళ్ళు?"

"రీళ్ళెక్కడియి చాచా ఇప్పుడు! అంత కంప్యూటర్ల వస్తది."

"గట్లనా. ఎంతసేపు మరి?"

"మూడు గంటల పది నిమిషాలు."

"పది ఎక్కువ," అనేవాడు చాచా.

ఏ సినిమా గురించైనా ఆయన అడిగేది ఇదొక్కటే. హీరో ఎవరని అడగడు, డైరెక్టరు ఎవరని అడగడు. ఎంతసేపు అని అడుగుతాడు. విన్నాక రెండే తీర్పులు: "సరిపోయింది" లేదా "ఎక్కువ". తక్కువైందని ఏ సినిమా గురించీ అనగా నేను వినలేదు.

నేను ఆ బెంచి మీద గొడవ పెట్టుకోవడానికే వెళ్ళేవాణ్ణి. దాచుకోవడం ఎందుకు? తెలుగు సినిమాలో మా పాలమూరు మాట ఎవడి నోట్లో పెడతారు? విలన్ పక్కన చెంచాకు, లేకపోతే తన్నులు తినే కమెడియన్‌కు. హీరోకు ప్రేమ పుట్టినా, కోపం వచ్చినా మా మాట పనికిరాదు. అభిమాన సంఘాలంటారా? ఏ హీరో సంఘం ఏ కులం జెండా మోస్తుందో ఈ జిల్లాలో తెలియనిదెవరికి? ఈ మాటలు నేను వ్యాసాల్లో రాశాను, సభల్లో అరిచాను, ఆ బెంచి మీద అంతకన్నా గట్టిగా అరిచాను. ఆటో తమ్ముడు ముఖం ఎర్రగా చేసుకునేవాడు. అక్క నా చేతిలో ఒక జామకాయ పెట్టి, "తిను సారూ, అరిసి అరిసి నోరెండింది" అనేది. చాచా స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, "సారూ, మంచిగనే చెప్పినవు. జర పది నిమిషాలు ఎక్కువైంది" అనేవాడు.

ఆ పది నిమిషాల వెనక ఒక సంగతి ఉంది, అది ఊళ్ళో అందరికీ తెలుసు. చాచా టాకీసులో మధ్యాహ్నం ఆట ఐదూ ఇరవైకి అయ్యేది. అయిజ వైపు పల్లెలకు ఆడవాళ్ళను చేర్చే ఆఖరి బస్సు కూడా ఐదున్నరకే. ఆ వైపు నుంచి వచ్చే ఆడకూలీలు పని లేని రోజున డబ్బులు పోగేసుకుని మ్యాట్నీకి వచ్చేవాళ్ళు. ఒకసారి ఒక పొడుగు సినిమా వల్ల ఐదుగురు ఆడవాళ్ళకు బస్సు తప్పింది. తెల్లారి ఇళ్ళకు పోయినవాళ్ళకు ఇళ్ళలో ఏం జరిగిందో వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఐదుగురిలో ఒకామె మా పండ్ల బండి అక్క. ఎడమ మోచేయి ఈనాటికీ పూర్తిగా చాపలేదు.

ఆ వారం నుంచి చాచా కత్తెర పట్టాడు. సినిమా పెట్టె రాగానే ముందు తనొక్కడే వేసుకుని చూసి, నిడివి ఎక్కువైతే ఒక పాటో ఒక ఫైటో కోసి, తెగిన కొసలు అతికించి, కోసిన ముక్కను రేకు డబ్బాలో దాచేవాడు. పెట్టె తిరిగి పంపే రోజు మళ్ళీ దాని చోట దాన్ని అతికించేవాడు. మేనేజరుకు తెలుసు, పంపిణీదారుకు తెలియదు. "సిన్మా చూసినోళ్ళు ఇల్లు చేరాలె. గప్పుడు సిన్మా అయిపోయినట్టు" అనేవాడు. టాకీసు యజమాని గొప్పగా కట్టించిన బాల్కనీ గురించి ఎవరూ మాట్లాడరు గానీ, ఈ మాట గద్వాలలో చాలామందికి గుర్తుంది.

ఇక నా సంగతి. డిగ్రీ చదివే రోజుల్లో ఆ టాకీసులోనే ఒక సినిమా చూశాను. పేరు రాయను. దాన్ని ఇప్పుడు రీమేక్ చేస్తున్నారు, వాళ్ళకు నా చేత్తో ప్రచారం చెయ్యను. అందులో మొగుడు అన్నం కంచం విసిరికొడతాడు. ఆమె చెదిరిన మెతుకులు ఎత్తదు. చేతులు కడుక్కుంటుంది. కొంగుకు తుడుచుకుంటుంది. ఒక సంచి తీసుకుని, చెప్పులు వేసుకుని, గడప దాటుతుంది. ఖాళీ గుమ్మం. శుభం.

నేను సీట్లోంచి లేవలేకపోయాను. నాలుగు వారాల్లో తొమ్మిదిసార్లు చూశాను. అది ఎక్కడా ఆడలేదు. మిగతా ఊళ్ళలో వారానికే ఎత్తేశారు, గద్వాలలో నాలుగు వారాలు నడిచింది. దాని మీద నేను రాసిన వ్యాసమే నా మొదటి వ్యాసం. "తెలుగు తెర మీద ఒక ఆడది తిరిగి రాని ఒకే ఒక్క సినిమా" అని రాశాను. ఆ వ్యాసం వల్లే నలుగురూ నన్ను సభలకు పిలిచారు. ముప్పై ఏళ్ళుగా ఆ ముగింపు గురించి నేను మాట్లాడని వేదిక లేదు. ఒకసారి కర్నూలు నుంచి ఒక పాఠకుడు, మీరు రాసిన ముగింపు ఆ సినిమాలో లేదండీ అని మర్యాదగా ఉత్తరం రాశాడు. ఆడది గడప దాటడం చూసి ఓర్వలేక కళ్ళు మూసుకున్నట్టున్నావని అతనికి రెండు పేజీల జవాబు అచ్చువేశాను. అతను మళ్ళీ రాయలేదు.

ఆ వ్యాసం కాగితాన్ని చాచా బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. టాకీసు మూతపడ్డాక దుకాణానికి కూడా తెచ్చుకున్నాడు. తనకు తెలుగు చదవడం అంతంత మాత్రం. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే, "సారు రాసిండు. మా టాకీసుల ఆడిన సిన్మా మీద" అని చూపించేవాడు.

రెండు నెలల కిందట రీమేక్ ప్రకటన వచ్చింది. పాత సినిమాలో పాటొకటి ఫోన్లలో తిరిగి, ఆడని సినిమా కాస్తా గొప్ప సినిమా అయింది. ఆ సాయంత్రం బెంచి మీద నేను మామూలుగానే మొదలుపెట్టాను. ఈ రీమేక్‌వాళ్ళు ఆ ముగింపును ఉంచుతారా? చస్తే ఉంచరు, ఆమెను తిరిగి తెచ్చి మొగుడి కాళ్ళ మీద పడేస్తారు చూడండి, అన్నాను. ఆ రోజు పండ్ల అక్క లేదు, అలంపూర్‌లో బంధువుల పెళ్ళికి పోయింది.

"పాత సిన్మా ఫోన్ల ఉంది సార్. చూద్దమా?" అని ఆటో తమ్ముడు వెతికి పెట్టాడు. నేను ఎన్నడూ వెతకలేదు. నాకు కంఠతా వచ్చిన సినిమాను మళ్ళీ చూడటమెందుకు?

చూశాం. కంచం విసిరాడు. చేతులు కడుక్కుంది. గడప దాటింది. ఖాళీ గుమ్మం. నేను ఫోను కట్టెయ్యమనబోయాను. శుభం రాలేదు. సినిమా నడుస్తూనే ఉంది. ఆమె గుడి మెట్ల మీద కూర్చుంది. ఒక ముసలామె నీతులు చెప్పింది. వాన కురిసింది. ఆమె తిరిగి వచ్చింది. మొగుడి కాళ్ళ మీద పడింది. అతను లేవనెత్తాడు. అప్పుడు శుభం. మొత్తం పదకొండు నిమిషాలు.

ఆటో తమ్ముడు నా వంక చూడకుండా ఫోను జేబులో పెట్టుకున్నాడు. చాచా టేబుల్ ఫ్యాన్ రెక్క తుడుస్తున్నాడు.

"చాచా," అన్నాను. "కోసినవా?"

"కోసిన."

"ఎందుకు?"

"బస్సు సారూ."

"బస్సు కోసమైతే పాట కోస్తే పోయేది గదా! క్లైమాక్స్ ఎవడన్న కోస్తడా?"

"పాట బాగుండె," అన్నాడు చాచా.

ఆటో తమ్ముడికి నవ్వాగలేదు. ఆ నవ్వుతో నాకు తల తిరిగింది. ముప్పై ఏళ్ళు నన్ను పిచ్చివాణ్ణి చేశావన్నాను. నా వ్యాసం అద్దం కింద పెట్టుకుని రోజూ నవ్వుకున్నావా అన్నాను. అక్కడితో ఆగి ఉంటే ఈ స్మృతి రాయడం కొంచెం తేలికయ్యేది. "కసాయోడు కోసినట్టు కోసినవ్" అన్నాను.

నేనెవరిని? ఈ మాటలు ఎక్కడి నుంచి పుడతాయో, ఎవరిని చూసి పుడతాయో వందల పేజీలు రాసినవాణ్ణి. ఎదుటివాళ్ళ నోట్లో ఆ మాట దొరికితే పట్టుకుని చీల్చినవాణ్ణి. నా నోట్లో అది ఇన్నేళ్ళూ ఎక్కడ కూర్చుందో నాకు తెలియదు. ఎవరి ముందు బయటికి వచ్చిందో మాత్రం తెలుసు. చాచా చేతిలో గుడ్డ ఆగింది. తర్వాత మళ్ళీ ఫ్యాన్ రెక్క తుడవడం మొదలుపెట్టాడు. "చాయ్ తాగిపో సారూ" అన్నాడు. నేను తాగకుండా వచ్చేశాను.

మళ్ళీ వెళ్ళలేదు. మొదటి వారం కోపంతో వెళ్ళలేదు. తర్వాతంతా సిగ్గుతో వెళ్ళలేదు. విడుదల రోజున అందరం కలిసి సినిమాకు పోతాం గదా, ఆ గుంపులో, ఆ గోలలో ఆయన పక్క సీట్లో కూర్చుని, "చాచా, ఆ మాట తప్పు" అనేస్తే అయిపోతుందనుకున్నాను. క్షమాపణకు కూడా నాకు రిలీజు డేటు కావలసి వచ్చింది. ఆ డేటు పోస్టరు కిందనే కబురు వచ్చింది.

ఆ రోజు పెబ్బేరులో సంత. ఎడ్లు, బర్రెలు, వాటిని దించుతున్న బండ్లు రోడ్డంతా నిండి, బస్సు గంటసేపు నిలబడిపోయింది. ఒక ఎద్దు నా కిటికీలోకి మూతి పెట్టి చూసింది. పక్క సీటాయన దాని దంతాలు చూసి వయసు చెప్పాడు. నేను తల ఊపాను. కృష్ణ వంతెన దాటేసరికే ఒంటిగంటన్నర అయింది.

ఖబరస్తాన్ చేరేసరికి అందరూ మట్టి వేసి తిరిగి వస్తున్నారు. ఆటో తమ్ముడు నన్ను చూసి మళ్ళీ నాతో వెనక్కి వచ్చాడు. తడి మట్టి మీద మూడు పిడికిళ్ళు వేశాను. తమ్ముడు, "సార్, విడుదల నాడు వస్తవు గదా?" అన్నాడు. ఏమీ తోచక అడిగాడని అర్థమైంది.

"ఎంతసేపు సినిమా?" అన్నాను.

తమ్ముడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. అతనికి ఏడుపు వచ్చింది. నాకు రాలేదు.

దుకాణం మూసి ఉంది. బెంచి బయటే ఉంది. పండ్ల అక్క బండికి పట్టా కప్పి, బెంచి మీద ఒక్కతే కూర్చుంది. ఆడవాళ్ళు ఖబరస్తాన్‌కు పోరు కాబట్టి ఆమె వచ్చింది ఇక్కడికే. నేను ఇంకో చివర కూర్చున్నాను.

"నీకు చాచా అబద్ధం చెప్పిండంట గదా సారూ," అంది అక్క.

"ఏమని?"

"బస్సు కోసం కోసిన అని. తమ్ముడు చెప్పిండు. నీ సిన్మా ఆడిన ఎండకాలం అయిజ రోడ్డు పని నడుస్తుండె. బస్సు ఆరింటికి గాని ఇడుసకపోతుండ్రి. మేము గా సిన్మాకు మూడుసార్లు వచ్చినం. అయిపోయినంక అరగంట బస్టాండ్ల కూసుంటుంటిమి. పల్లీలు కొనుక్కొని తింటుంటిమి."

"నీకు బాగ గుర్తుందా అక్కా?"

"గుర్తుండదా? గా అరగంట ఒకటే కొట్లాట. ఇల్లిడిసి పోయింది గదా, యాడికి పోయుంటది అని. ఒకామె తల్లిగారింటికి అనె. ఇంకొకామె హైద్రాబాద్ అనె, పనికి. మా వదినె, మొగుడు ఎన్క పడ్తడు, మల్ల దొరుకుతది అనె. నేను రాయచూరు అన్న."

"రాయచూరెందుకు?"

"ఏమో. నాకు తెల్సిన దూరం అదే."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. చాచా అప్పుడప్పుడు అక్కడికి వచ్చేవాడట. సాయంత్రం ఆటకు ముందు చాయ్ తాగడానికి బస్టాండుకు దిగి, దూరంగా నిలబడి వీళ్ళ కొట్లాట వినేవాడట. ఒకరోజు తనే అడిగాడట, "ఏందమ్మా, తేలిందా, యాడికి పోయింది?" అని. తేలలేదు చాచా, రేపు మళ్ళీ వస్తం అన్నారట వీళ్ళు.

"మరి నాకు బస్సు అని ఎందుకు చెప్పినట్టు?"

"నేను గూడ అడిగిన. సారుకెందుకు గట్ల చెప్పినవ్ చాచా అని. నవ్విండు. 'సారు విడుదల నాడు వస్తడు. గప్పుడు చెప్త' అన్నడు."

నేను అన్న మాట గురించి చాచా ఆమెకు చెప్పలేదు. ఆటో తమ్ముడూ చెప్పలేదు. నేను చెప్పాను, అక్కడే, ఆ బెంచి మీద. అక్క విని, పట్టా కింద చెయ్యి పెట్టి ఒక జామకాయ తీసి, నాకివ్వకుండా, తన ఒళ్ళో పెట్టుకుంది.

నా వ్యాసం తప్పా ఒప్పా అని నన్ను ఇప్పుడు ఎవరైనా అడగవచ్చు. ఆ సినిమా తీసినవాళ్ళ గురించి రాసిందంతా తప్పు. కర్నూలు పాఠకుడికి నేను ఉత్తరం బాకీ, ఈ వారమే రాస్తాను. కానీ తెలుగు తెర మీద ఒక ఆడది తిరిగి రాని సినిమా ఒకటి ఉండేది. అది గద్వాలలో, ఒకే టాకీసులో, నాలుగు వారాలు ఆడింది. దాని దర్శకుడు పోయాడు. రీమేక్ తీసేవాళ్ళు తమకు దొరికిన సినిమాను తీస్తున్నారు, మాకు దొరికింది వాళ్ళకు దొరకదు. బస్సు తప్పి దెబ్బలు తిన్న ఆడవాళ్ళ కోసం కత్తెర పట్టిన మనిషి, బస్సు తప్పే భయం లేని ఒక ఎండాకాలం కూడా ఎందుకు పట్టాడో నేను చెప్పగలను. చెబితే అది మళ్ళీ నా వ్యాసమే అవుతుంది. అందుకే చెప్పను. ఆయన చెబుతానన్నాడు. దాన్ని అక్కడే వదిలేస్తున్నాను.

ఐదున్నరకు బస్టాండులోకి వెళ్ళాను. వనపర్తి బస్సు ఇంకా రాలేదు. అయిజ బస్సు మాత్రం సరిగ్గా టైముకు కదిలింది, ఆడవాళ్ళు సంచులు ఒళ్ళో పెట్టుకుని సర్దుకుంటున్నారు. సిమెంటు బల్ల మీద పల్లీల పొట్టు పడి ఉంది. దులపకుండా పక్కన కూర్చున్నాను. ఎదురుగా రాయచూరు బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. కండక్టరు కింద నిలబడి టికెట్లు కొడుతున్నాడు. లోపల, మూడో కిటికీ దగ్గర, ఎవరో ఒకామె ఒక్కతే కూర్చుని, సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటోంది.